పితికే చేతికి పాఠం చెప్పడం ఎలా?



సంఘం తనిఖీకి వెళ్లినప్పుడు నేను వరుసగా చూసే పుస్తకాలు కొన్ని ఉన్నాయి. పాల సేకరణ రిజిస్టరు, నగదు పుస్తకం, సభ్యుల జాబితా, సమావేశాల మినిట్సు. అన్నిటికంటే చివర శిక్షణ రిజిస్టరు చూస్తాను. ఫలానా తేదీన ఇంతమంది సభ్యులకు పాలు పితికే సరైన విధానంపై శిక్షణ ఇవ్వబడినది అని అందులో రాసి ఉంటుంది. కింద సంతకాలు, వేలిముద్రలు ఉంటాయి. చాలా సంవత్సరాలు నేనూ ఆ పుట కింద సంతకం పెట్టి లేచి వచ్చేవాణ్ణి. శిక్షణ ఇచ్చినట్లు రుజువు ఉంది సరే, నేర్చుకున్నట్లు రుజువు ఏది అని ఎన్నడూ అడగలేదు. మైదుకూరు దగ్గర ఒక సంఘం నుండి వచ్చిన అర్జీ నా చేత ఆ ప్రశ్న అడిగించింది. అందులో నేను నేర్చుకున్నదే ఈ నెల పాఠం.

ఒక అర్జీ

అది కె.సి. కాలువ నీళ్లు పారే పల్లె. వరి, పసుపు పండిస్తారు. ఇంటింటా ఒకటో రెండో ఎనుములు ఉంటాయి. అర్జీ రాసిన సభ్యుడి మాట సూటిగా ఉంది. "టెస్టరు నా పాలకు కావాలనే ఫ్యాట్ తక్కువ వేస్తున్నాడు. మా ఎనుము మారలేదు. మేత మారలేదు. నేను నీళ్లు కలపలేదు. ఏడున్నర పడే ఫ్యాట్ ఐదున్నరకు ఎట్లా దిగింది?"

పాలకవర్గంలో ఇద్దరు టెస్టరును తీసేయాలని అప్పటికే మనసులో నిర్ణయించుకున్నారు. టెస్టరు ఇరవై రెండేళ్ల కుర్రవాడు. ఇంటికి అతని జీతమే ఆధారం. ఇటు సభ్యుడు కూడా, ఈ రాబడితో దాణా ఖర్చే రాదని, ఎనుమును అమ్మేస్తానని అంటున్నాడు. ఎవరి మాట తప్పో తేల్చవలసిన పని నా మీద పడింది.

ముందు కేంద్రంలోని పాల విశ్లేషణ యంత్రాన్ని పరీక్షించాను. అదే నమూనాను గెర్బర్ పద్ధతిలో కూడా చూశాము. రెండూ సరిపోయాయి. ఎస్.ఎన్.ఎఫ్. సరిగా ఉంది, నీళ్లు కలిసిన జాడ లేదు. మిగతా సభ్యుల పాలలో తేడా రాలేదు. పశువైద్యుడు వచ్చి పొదుగువాపు లేదని చెప్పాడు. అంటే టెస్టరు నిజాయితీపరుడే, సభ్యుడూ నిజాయితీపరుడే. మరి వెన్న ఎక్కడికి పోయినట్లు?

అప్పుడు ఆ సభ్యుణ్ణి అడిగాను. "మీ ఇంట్లో పాలు పితికేది ఎవరు?"

"మా అమ్మ పిండేది సార్. రెండు నెలల కింద వాకిట్లో జారిపడి కుడిచేతి మణికట్టు విరిగింది. ఇప్పుడు నా పెండ్లాం పిండుతాంది."

అర్జీలో ఎనుము సంగతి ఉంది, మేత సంగతి ఉంది. చెయ్యి మారిన సంగతి లేదు. అది రాయవలసిన విషయమని ఆయనకు తోచలేదు. నిజం చెప్పాలంటే, అడగవలసిన విషయమని నాకూ అంతవరకు తోచలేదు.

పొదుగులో జరిగేది

ముందు ఒక విషయం తెలుసుకోవాలి. పాలు పొదుగులో సంచిలో నీళ్ల మాదిరి నిలవ ఉండవు. ఆవు పొదుగు కింది భాగంలోని తిత్తిలో కొంత పాలైనా నిలవ ఉంటాయి. గేదెకు అది బహు తక్కువ. దాదాపు అన్ని పాలూ పైన సన్నని గదులలోనే ఉంటాయి. దూడ కుడిచినప్పుడు, పొదుగు కడిగి నిమిరినప్పుడు, అలవాటైన మనిషి చెంబు పట్టుకొని వచ్చినప్పుడు గేదె మెదడు నుండి ఆక్సిటోసిన్ అనే హార్మోను రక్తంలోకి వస్తుంది. అది పొదుగుకు చేరి ఆ గదులను నొక్కితే పాలు కిందికి దిగుతాయి. దీన్నే మనం చేపడం అంటాము. ఆ చేపు కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆ లోపల పితకడం పూర్తి కావాలి. గేదె బెదిరినా, నొప్పి కలిగినా, కొత్త చెయ్యి తగిలినా చేపు ఆగిపోతుంది.

రెండో సంగతి. మొదటి ధారలలో వెన్న తక్కువ. చివరి పాలలో చాలా ఎక్కువ. చివరి పాలు పొదుగులో మిగిలినా, దూడకు పోయినా, మన చెంబులోకి వచ్చేవి పలచని పాలే. పైగా పొదుగులో రోజూ పాలు మిగిలిపోతే పొదుగు ఆ మేరకు పాలు తయారు చేయడం తగ్గించుకుంటుంది. గేదె తొందరగా వట్టిపోతుంది.

పాలు గిద్దెతో, సేరుతో కొలిచి అమ్మిన రోజులలో ఈ నష్టం ఎవరికీ కనిపించలేదు. 1946లో గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో పాల ఉత్పత్తిదారులు సంఘంగా ఏర్పడ్డారు. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ మొదలైంది. మన రాష్ట్రంలో 1981లో పాడి సహకార సమాఖ్య ఏర్పడింది. ఈ సంఘాల వల్ల వెన్న చూసి వెల కట్టే పద్ధతి పల్లెలకు వచ్చింది. అప్పటి నుండి చేతి తప్పు చీటీ మీద అంకెగా కనబడుతూ వచ్చింది. కాని చీటీలో అంకె ఉంటుంది, కారణం ఉండదు. అందుకే మన అనుమానం మొదట టెస్టరు మీదికి పోతుంది.

కొట్టంలో నాలుగు పాఠాలు

మరుసటి రోజు తెల్లవారుజామున ఆ ఇంటి కొట్టానికి వెళ్లాను. కోడలు పదో తరగతి చదివిన పిల్ల. దూడను విడిచింది, అది రెండు గుక్కలు కుడిచింది, ఎనుము చేపింది. అంతవరకు బాగానే ఉంది. తర్వాత ఆమె బొటనవేలు మడిచి, చన్నును ఆ వేలి కణుపుకు అదిమి కిందికి లాగసాగింది. ఎనుము కాలు ఎత్తింది. పిల్ల వెనక్కి జరిగింది. మళ్లీ కూర్చుని పట్టుకునేసరికి ధార సన్నబడింది.

మంచం మీద నుండి అత్తగారు కేక వేసింది. "అట్ల లాగగాకు మే! మెల్లగ పిండు!" పిల్ల పట్టు వదులు చేసింది. ధార ఆగిపోయింది. "గట్టిగ పట్టు మే!" అని మరో కేక. మెల్లగా పిండాలా, గట్టిగా పట్టాలా తెలియక ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. అర చెంబు కాగానే దూడను విడిచిపెట్టింది. సంఘానికి రావలసిన వెన్నంతా దూడ తాగింది.

నేను ఆమెను అడిగాను. "అమ్మా, నీకు పితకడం ఎవరైనా నేర్పారా?"

ఆమె లోపలికి వెళ్లి ఒక కరపత్రం తెచ్చింది. సంఘం శిక్షణకు వెళ్లింది ఆమె భర్త. సభ్యత్వం అతని పేరున ఉంది, కాబట్టి పిలుపు అతనికే వచ్చింది. అతను తెచ్చిన కరపత్రాన్ని ఆమె చదువుకుంది. నేను అడిగితే వరుసగా ఒప్పచెప్పింది. చేతులు కడుక్కోవాలి, పొదుగు తుడవాలి, పిడికిలి నిండా చన్ను పట్టాలి, పైనుండి కిందికి వేలు వెంట వేలు మూయాలి, లాగరాదు, బొటనవేలు మడవరాదు. ఒక్క తప్పు లేదు.

"అన్నీ తెలుసు సార్. చెయ్యే వినదు" అంది.

అత్తగారిని అడిగాను. "పెద్దమ్మా, నువ్వు ఎట్లా పిండేదానివి?"

"ఏం చెప్పాల నాయనా. చేతికి తెలుసు, నోటికి తెల్దు."

చూడండి. ఒకరికి నోటికి వచ్చు, చేతికి రాదు. ఇంకొకరికి చేతికి వచ్చు, నోటికి రాదు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు.

ఆ పిల్లకు అప్పటికి మూడు పాఠాలు అందాయి. కరపత్రం మాటలు చెప్పింది. భర్త ఒకసారి కూర్చుని గబగబా పిండి చూపించాడు. అతని చెయ్యి పెద్దది, అతను కూడా వేలు మడిచే పిండుతాడు. ఆమె కంటికి కనిపించింది ఆ మడత ఒక్కటే. మూడోది అత్తగారి కేకలు. నేను నాలుగో పాఠం ఇచ్చాను. పొదుగు నిర్మాణం, ఆక్సిటోసిన్, వెన్న శాతం అన్నీ కొట్టంలో నిలబడి వివరించాను. సాయంత్రం పూట ఎనుము చెంబును తన్నింది. నాలుగు పాఠాలూ నిష్ఫలమైనాయి.

నా సొంత పాఠం

ఆ రాత్రి బసకు వచ్చి ఆలోచిస్తే నా ఉద్యోగం కొత్తలో జరిగిన సంగతి గుర్తుకు వచ్చింది. సహకార డిప్లొమా పూర్తి చేసి చేరాను. గెర్బర్ పరీక్ష నాకు కంఠస్థం. స్విట్జర్లాండుకు చెందిన గెర్బర్ గారు పందొమ్మిదో శతాబ్దం చివర రూపొందించిన పద్ధతి అది. బ్యూటిరోమీటరులో 10 మిల్లీలీటర్ల గంధకామ్లం, దాని మీద నెమ్మదిగా 10.75 మిల్లీలీటర్ల పాలు, తర్వాత 1 మిల్లీలీటరు ఎమైల్ ఆల్కహాలు. బిరడా బిగించి కలపాలి. సెంట్రిఫ్యూజులో తిప్పాలి. వేడినీళ్లలో ఉంచి వెన్న గీత చదవాలి. రాత పరీక్షలో నాకు ఇందులో మంచి మార్కులే వచ్చాయి.

ఒక కేంద్రంలో మొదటిసారి స్వయంగా చేశాను. చేత్తో తిప్పే సెంట్రిఫ్యూజులో ఒక్క గొట్టం పెట్టి, ఎదురుగా ఏమీ పెట్టకుండా తిప్పాను. యంత్రం బల్ల మీద గెంతింది. గొట్టం పగిలి లోపలంతా ఆమ్లం చిందింది. మూత వేసి ఉండబట్టి సరిపోయింది, లేకుంటే నా ముఖం ఏమై ఉండేదో. గొట్టాలు ఎదురెదురుగా సమంగా పెట్టాలని నేను చదివాను. చదివిన మాట ఆ క్షణంలో చేతికి అందలేదు.

అక్కడ ఒక పెద్దాయన టెస్టరు. సంతకం వరకే చదువు. ఆయన నన్ను మందలించలేదు. రెండు గొట్టాలలో నీళ్లు పోసి ఎదురెదురుగా పెట్టి, పిడి నా చేతికి ఇచ్చి, "కండ్లు మూసుకుని తిప్పు సార్, చప్పుడు విను" అన్నాడు. సమంగా ఉన్నప్పుడు ఒకటే గుయ్యిమనే చప్పుడు. తర్వాత ఒక గొట్టంలో నీళ్లు తగ్గించి మళ్లీ తిప్పమన్నాడు. చప్పుడులో కుంటి నడక వచ్చింది, పిడి నా అరచేతిని కొట్టింది. ఆ తర్వాత ఆ తప్పు నేను ఎప్పుడూ చేయలేదు.

అయితే ఒక సంగతి ఒప్పుకోవాలి. ఎందుకు సమంగా ఉండాలో నాకు ముందే తెలిసినందువల్ల ఆ పాఠం నాకు ఒక్క పూటలో పట్టుబడింది. పుస్తకం వృథా కాలేదు. పుస్తకం తర్వాత చేయి ఉండవలసింది. నాకు అటువైపు కొరత ఉంది. ఆ కోడలికి కూడా అదే కొరత. నేను ఆమెకు లేనిది ఇవ్వకుండా, ఉన్నదాన్నే మళ్లీ ఇచ్చాను.

మగ్గం చూపిన దారి

మరునాడు ఉపన్యాసం మానేసి ఆమెను వేరే ప్రశ్న అడిగాను. "మీ పుట్టింట్లో నీకు బాగా వచ్చిన పని ఏది?"

ఆమె పుట్టిల్లు ప్రొద్దుటూరు వైపు. అక్కడ మగ్గం ఉంది. అత్తగారింట్లో మగ్గం ఒక తరం కిందటే ఆగిపోయింది.

"మగ్గం ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పల్యా సార్. చిన్నప్పుడు అమ్మకాడ కూర్చుని కండెలు చుట్టేదాన్ని. తర్వాత తెగిన పోగులు అతికేదాన్ని. ఒకదినం మా నాయన బువ్వకు లేచినప్పుడు పోయి మగ్గంలో కూర్చున్న్యా."

ఎవరూ నేర్పలేదు అన్నది గాని, ఎంత చక్కగా నేర్పారో గమనించండి. మొదట అంచున ఉన్న చిన్న పని. తప్పినా నష్టం లేని పని. ఆ పని చేస్తూనే పెద్ద పనిని ఏళ్ల తరబడి చూడడం. పాదం ఎప్పుడు తొక్కుతారో, నాడె ఎప్పుడు విసురుతారో ఆ చప్పుడు చెవిలో నిండిపోవడం. పెద్ద పని చేతికి వచ్చేనాటికి సగం తెలిసి ఉండడం. పితకడంలో ఆమెకు ఈ మెట్లు ఏవీ లేవు. అత్తగారి చెయ్యి విరిగిన రోజునే మొత్తం పని నెత్తిన పడింది.

అప్పుడు అందరం కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నాము. పక్కింటి ఆమె పది రోజులు పాలు పిండి పెట్టడానికి ఒప్పుకుంది. ఆ పది రోజులు కోడలి పని మేత వేయడం, దూడను విడవడం, గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగి తుడవడం, ఎనుమును పేరు పెట్టి పిలిచి నిమరడం. పిండడం ఒక్క చన్ను మాత్రమే. రెండు రోజుల తర్వాత రెండు చన్నులు. ఎనుముకు ఆమె వాసన, ఆమె చెయ్యి అలవాటు పడాలి. ఆమెకు ఎనుము భయం తీరాలి. భయపడే చెయ్యి బిగుసుకుంటుంది. బిగుసుకున్న చేతికి ఏ పాఠమూ ఎక్కదు.

మధ్యాహ్నం పూట అభ్యాసం వేరు. గోపాలమిత్ర దగ్గర ఒక రబ్బరు తొడుగు అడిగి తీసుకున్నాము. దాని నిండా నీళ్లు పోసి, వేళ్ల కొసలకు సూదితో రంధ్రం చేసి, కొట్టం గుంజకు కట్టాము. అత్తగారి ఎడమచెయ్యి బాగానే ఉంది. ఆమెను కోడలి పక్కన కూర్చోబెట్టి, కోడలి చెయ్యి మీద చెయ్యి వేసి పిండమన్నాను. నోటితో ఏమీ చెప్పవద్దన్నాను.

మొదట చూపుడువేలు, బొటనవేలు కలిసి పైన మూసుకున్నాయి. తర్వాత నడిమి వేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు. మళ్లీ అన్నీ ఒక్కసారిగా వదులు. నాలుగైదు సార్లు కాగానే అత్తగారే ఆశ్చర్యపోయింది. "ఇన్నేండ్లు ఇట్ల పిండుతాండానని నాకే తెల్దు నాయనా. పైవేలు ముందు మూసుకుంటాందే!" అంది.

కోడలికి ఇంకో చిక్కు విడిపోయింది. అత్తగారు గట్టిగ అన్నది పైవేలి సంగతి. పైన గట్టిగా మూయకపోతే పాలు వెనక్కి పొదుగులోకి పోతాయి. మెల్లగ అన్నది లాగవద్దని. రెండు మాటలూ నిజమే. కాని చెయ్యి తగిలిన తర్వాతే ఆ మాటలకు అర్థం వచ్చింది.

ఆ తర్వాత వేళ్ల సంగతి మరచిపోయి చెంబులో చప్పుడు వినమన్నాము. ధార సరిగా ఉంటే చప్పుడు నిండుగా, ఒకే తూగుతో వస్తుంది. తూగు తప్పితే చెవికి ముందే తెలుస్తుంది. మగ్గం చప్పుడులో పెరిగిన పిల్ల గదా, ఆ తూగు ఆమెకు వెంటనే పట్టుబడింది.

మూడు వారాల తర్వాత ఫ్యాట్ ఏడు దాటింది. రోజూ ఏడున్నర పడలేదు. చల్లని పూట, దూడ సరిగా కుడవని పూట తగ్గేది. చివరి పాలు మొత్తం దూడకు వదలకుండా, దూడ వంతు ముందే లెక్కగా ఇవ్వడం ఇంట్లో అలవాటు చేసుకున్నారు. ఎనుమును అమ్మలేదు. సభ్యుడు అర్జీ వాపసు తీసుకున్నాడు. అంతటితో ఊరుకోకుండా, పొద్దున్నే పాలకు వరుసలో నిలబడ్డ పదిమంది ముందు టెస్టరుతో "తప్పు నాది అబ్బీ, నీది కాదు" అన్నాడు. అనుమానం పదిమందిలో పెట్టినవాడు దాన్ని పదిమందిలోనే తీసివేయడం సరియైన పద్ధతి. అత్తగారి మణికట్టు మాత్రం పితికే పనికి మళ్లీ రాలేదు. మరో ఆరు నెలలు ఆలస్యమైతే ఆమె చేతిలోని పని ఇంకొకరికి అందే దారి ఉండేదో లేదో చెప్పలేను.

శాస్త్రజ్ఞులు కనిపెట్టినది

ఇది మన పల్లెలో తోచిన ఉపాయమే అయినా, దీనికి శాస్త్రం బలం కూడా ఉంది. మైదుకూరు నుండి కర్నూలు రోడ్డున పోతే ఆళ్లగడ్డ వస్తుంది. అక్కడి శిల్పులు ఉలి మీద సుత్తి వేస్తుంటే చూసే ఉంటారు. ప్రతి దెబ్బా ఒకే చోట పడుతుంది. కనుక చెయ్యి కూడా ప్రతిసారీ ఒకే విధంగా కదులుతుందని మనం అనుకుంటాము. 1920 ప్రాంతపు సంవత్సరాలలో మాస్కోలో నికొలాయ్ బెర్న్‌స్టెయిన్ అనే శాస్త్రజ్ఞుడు ఉలి, సుత్తితో పనిచేసేవారి చేతులకు చిన్న దీపాలు కట్టి ఫోటోలు తీశాడు. ఆరితేరిన పనివాడి సుత్తి ఒకే చోట పడుతున్నా, భుజం, మోచెయ్యి, మణికట్టు కదలిక ప్రతిసారీ కొంచెం మారుతూనే ఉందని తేలింది. అంటే పని వచ్చినవాడు ఒక కదలికను బట్టీ పట్టలేదు. ప్రతిసారీ కొత్తగా సర్దుకుంటూ అదే ఫలితాన్ని రాబడుతున్నాడు. కాబట్టి నా చెయ్యి ఎట్లా తిరుగుతుందో అచ్చం అట్లాగే తిప్పు అనడం సరియైన పాఠం కాదు. అత్తగారి చెయ్యి వేరు, కోడలి చెయ్యి వేరు. ధార ఒకటైతే చాలు.

1998లో జర్మనీలో గాబ్రియేలె వుల్ఫ్, ఆమె తోటి శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధన కూడా ఇటువంటిదే. శరీరం తూచుకునే పనులలో తన కాళ్ల కదలిక మీద మనసు పెట్టినవారి కంటే, ఆ కదలిక వల్ల బయట కలిగే ఫలితం మీద మనసు పెట్టినవారు బాగా నేర్చుకున్నారు. పెద్దాయన టెస్టరు నాకు చప్పుడు వినమని చెప్పింది ఇందుకే కాబోలు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. కొందరు శిక్షకులు మనుషులను చూసి నేర్చుకునేవారు, విని నేర్చుకునేవారు, చేసి నేర్చుకునేవారు అని మూడు గుంపులుగా విడదీసి, ఒక్కొక్కరికి ఒక్కొక్క విధంగానే చెప్పాలంటారు. 2008లో అమెరికాకు చెందిన నలుగురు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ విషయంపై అంతవరకు వచ్చిన పరిశోధనలను పరిశీలించారు. అట్లా విడదీసి బోధిస్తే మేలు కలుగుతుందనడానికి తగిన రుజువు లేదని చెప్పారు. కాబట్టి ఈమె చూసి నేర్చుకునే మనిషి అని ముద్ర వేయవద్దు. తేడా ఎక్కడ ఉందంటే, ఎవరికి ఇదివరకు ఏ పని వచ్చు, చెయ్యి ఎంత పెద్దది, దేనికి భయపడుతున్నారు, ఏ మెట్టు దగ్గర ఆగిపోయారు అన్నదానిలో ఉంది. చెప్పడం, చూపడం, చెయ్యి పట్టి చేయించడం మూడూ అందరికీ కావాలి. ఏది ముందు, ఏది ఎంత అన్నది మనిషిని బట్టి మారుతుంది.

సంఘాలు చేయవలసిన పనులు

1. శిక్షణకు పిలిచేటప్పుడు సభ్యుల జాబితా ఒక్కటే చూడవద్దు. ప్రతి ఇంట్లో పాలు పితికే చెయ్యి ఎవరిదో అడిగి, వారిని పిలవాలి. చాలా ఇళ్లలో సభ్యత్వం ఒకరి పేరున, పని మరొకరి చేతిలో ఉంటుంది. పితికే మహిళలకు సభ్యత్వం ఇవ్వడానికి పాలకవర్గాలు చొరవ తీసుకోవాలి.

2. శిక్షకురాలిగా బాగా మాట్లాడేవారిని కాకుండా, బాగా పితికేవారిని ఊళ్లోనే ఎన్నుకోవాలి. వారికి చెప్పడం రాకపోతే పరవాలేదు. పక్కన ఒకరు కూర్చుని, వారు చేసేదాన్ని చూసి మాటలలో పెట్టవచ్చు.

3. అయిదారుగురికి మించి ఒక్కసారి నేర్పరాదు. రబ్బరు తొడుగుతో అభ్యాసం చేయించిన తర్వాతే పశువు దగ్గరకు తీసుకుపోవాలి. మొదట సాధువైన పశువును ఎంచుకోవాలి.

4. రోజుకు కొద్దిసేపు చొప్పున పది రోజులు చేయించడం, ఒక్క రోజున నాలుగు గంటలు చేయించడం కంటే మేలు. నేర్చుకున్న కదలిక నిద్రలో కూడా కుదురుకుంటుంది.

5. తప్పు చేసినప్పుడు ఒక్కటే దిద్దాలి. మూడు తప్పులు ఒకేసారి చెబితే మూడూ మిగిలిపోతాయి. కేకలు వేయరాదు. పిల్ల బెదిరితే చెయ్యి బిగుస్తుంది, పశువు బెదిరితే చేపు ఆగుతుంది.

6. అర్థమైందా అని అడగవద్దు. అందరూ అయిందనే అంటారు. చేసి చూపించమని అడగాలి. శిక్షణ రిజిస్టరులో సంతకం పక్కన ఇంకో గడి గీసి, వారం తర్వాత వారి కొట్టంలో చూసి, పని వచ్చినదీ లేనిదీ అందులో రాయాలి. నా తనిఖీలో ఇప్పుడు నేను చూసేది ఆ గడినే.

7. ఒక సభ్యుడి పాలలో ఫ్యాట్ హఠాత్తుగా తగ్గితే, టెస్టరును అనుమానించే ముందు మూడు ప్రశ్నలు అడగాలి. యంత్రం సరిచూశారా? పశువు ఆరోగ్యంగా ఉందా? పితికే చెయ్యి మారిందా?

8. ఇంట్లో పెద్దవారి చెయ్యి బాగున్నప్పుడే రెండో చెయ్యికి పని నేర్పించి ఉంచాలి. జ్వరం వచ్చినా, ఊరికి పోయినా పశువు పాలు ఆగవు గదా.

సమావేశంలో చర్చకు ప్రశ్నలు

1. మీ ఇంట్లో పాలు పితికేది ఎవరు? వారికి ఆ పని ఎవరు, ఎట్లా నేర్పారు?

2. మీకు బాగా వచ్చిన ఒక చేతి పనిని, నోటితో మాత్రమే చెప్పి ఇంకొకరి చేత చేయించగలరా? ప్రయత్నించి చూడండి. ఎక్కడ మాటలు చాలలేదు?

3. గత సంవత్సరం మీ సంఘంలో శిక్షణ పొందినవారిలో ఎంతమంది స్వయంగా పితుకుతారు?

4. మీ ఊళ్లో మంచి చెయ్యి అని పేరున్నవారు ఎవరు? వారి దగ్గర ఇప్పుడు ఎవరైనా నేర్చుకుంటున్నారా?

ఈ ప్రశ్నలను వచ్చే నెల సమావేశంలో చదివి వినిపించవలసిందిగా కార్యదర్శులకు మనవి. నాలుగో ప్రశ్నకు వచ్చిన పేర్లను మినిట్సులో రాసి ఉంచండి. తనిఖీకి వచ్చినప్పుడు ఆ ఇళ్లకు వెళ్లి చూస్తాను.